వైరస్ తేలిన ఆర్కిడ్లు: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

మధురవాడ నుంచి ఒక సోదరి అడిగారు. మేడమీద 60 ఆర్కిడ్లు పెంచుతున్నారట. పూలమీద గోధుమరంగు చారలు కనిపించి అనుమానం వచ్చింది. పరీక్ష పట్టీలు తెప్పించి 11 మొక్కలను చూస్తే 5 మొక్కల్లో వైరస్ తేలింది. మూడు డెండ్రోబియంలు, ఒక ఆన్సిడియం, కాలం చేసిన అత్తగారు పాతికేళ్లు పెంచిన ఊదారంగు కాట్లియా. స్నేహితురాలు అన్నిటినీ తగలబెట్టమంటున్నారు. మొక్కలు అమ్మినాయన మాత్రం 'పూస్తున్నాయి కదండీ, ఇంకేం కావాలి' అంటున్నాడు. ఎవరి మాట వినాలన్నది ప్రశ్న.

ఇద్దరి మాటా వద్దమ్మా. డెండ్రోబియంలు మూడూ, ఆన్సిడియమూ ఈ వారంలోనే తీసేయండి. కాట్లియాను ఉంచుకోండి, కానీ మేడమీద ఉంచవద్దు. ఈ అయిదింటి సంగతి ఒక పూటలో తేలిపోతుంది. మీరు నిజంగా దిగులుపడాల్సింది పరీక్ష చేయని ఆ 49 గురించి. ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు నేను చేసిన నిర్వాకం చెప్పాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు విశాఖలో ఎవరూ మరిచిపోరు. సీతమ్మధారలో మా మేడమీది షేడ్‌నెట్ పందిరి ఇనుప గొట్టాలతో సహా లేచి పక్కింటి పిట్టగోడమీద వాలింది. 140 దాకా కుండీలుండేవి. సగం పెంకులయ్యాయి. కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు. మూడోనాడు ఉదయం నేనూ మా ఆవిడా కూర్చుని విరిగిన కాండాలు, నలిగిన వేర్లు కత్తిరించడం మొదలుపెట్టాం. చేతిలో ఉన్నది ఒకటే కత్తెర. సాయంత్రానికి దాని అలుగుల మధ్య ఆకుపసరు జిగురులా పట్టేసి, తెరవాలంటే బొటనవేలితో నెట్టాల్సి వచ్చింది. తడిగుడ్డతో ఒకసారి తుడిచి మళ్లీ పనిలో పడ్డాను. మొక్కల్ని కాపాడుతున్నానని నా నమ్మకం.

రెండేళ్ల తరువాత కాట్లియాలు పూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. పువ్వు విచ్చుకున్నప్పుడు నిర్మలంగానే ఉండేది. ఆరో రోజుకో ఎనిమిదో రోజుకో రేకుల్లో సన్నటి గోధుమరంగు గీతలు, కాఫీ మరక ఎండినట్టు. మొదట తామరపురుగులనుకుని మందు కొట్టాను. తరువాత ఎరువు ఎక్కువైందనుకుని తగ్గించాను. చివరికి పరీక్ష చేయిస్తే, చూసిన 30 మొక్కల్లో 19 పోయినట్టే. తుఫానుకు ముందు నా దగ్గర బహుశా రెండో మూడో రోగిష్టి మొక్కలుండి ఉంటాయి. మిగతావాటికి పంచింది నా కత్తెరే.

ఆర్కిడ్లలో ఎక్కువగా కనిపించే వైరస్‌లు రెండు. ఒకటి సింబిడియం మొజాయిక్, రెండోది ఒడాంటోగ్లాసం రింగ్‌స్పాట్. పేర్లు చూసి ఆ జాతులకే వస్తాయనుకోకండి. మొదట వాటిలో కనిపించాయి కాబట్టి ఆ పేర్లు పెట్టారు, అంతే. కాట్లియా, డెండ్రోబియం, వాండా, ఫలినాప్సిస్ దేనినీ ఇవి వదలవు. ఈ రెండింటినీ 1950ల మొదట్లోనే అమెరికాలో గుర్తించారు. అంటే ఇది కొత్తగా వచ్చిన రోగం కాదు. ఆర్కిడ్లు చేతులు మారిన ప్రతి దేశానికీ ఇదీ వెళ్లింది.

రెండూ రసంతోనే పాకుతాయి. ఒక మొక్క గాయంలోని రసం ఇంకో మొక్క గాయాన్ని తాకాలి. కత్తి, కత్తెర, పాత కుండీ, వాడేసిన బొగ్గులు, కొబ్బరి డొక్కలు, పైన వేలాడే కుండీ నుంచి కింది మొక్కమీద కారే నీళ్లు, ఇవే దారులు. పేనుబంకను చంపితే వైరస్ ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పేనుబంక మోసుకొచ్చే వైరస్‌లు వేరే ఉన్నాయి. ఒక రకం నల్లి మోసుకొచ్చేది ఇంకొకటి. మీ పట్టీ చూపిన ఈ రెండింటికీ ప్రధాన వాహనం మనిషే.

మన ఇళ్లలో ఎవరూ గుర్తించని ఇంకో దారి గోరు. పొద్దున్నే పూజకని డెండ్రోబియం గెల నుంచి రెండు పూలు, పక్క కుండీ నుంచి రెండు పూలు గోటితో తుంచుతాం. గోటి కింద చేరిన పచ్చి రసం తరువాతి మొక్కకు తుంచినచోటే అంటుతుంది. మా ఇంట్లో ఏళ్లపాటు జరిగిందదే. ఇప్పుడు దేవుడికి మందారాలు, నందివర్ధనాలే వెళుతున్నాయి. మా ఆవిడ మొదట కాస్త నొచ్చుకుంది. దేవుడైతే ఏమీ అనలేదు.

తోటమాలి సంగతీ చూసుకోండి. ఒకే కత్తెరతో రోజుకు నాలుగిళ్లు తిరిగే మాలి మీ మేడమీద చేయి పెట్టకూడదు. అతని తప్పేమీ లేదు, ఎవరూ చెప్పలేదు. ఆర్కిడ్ల జోలికి వెళ్లవద్దని మర్యాదగా చెప్పి, మిగతా మొక్కల పని అప్పగించండి.

పొగాకు మాట కూడా చాలామంది అడుగుతుంటారు. చుట్ట తాగేవాళ్లు ఆర్కిడ్లను ముట్టుకోకూడదన్న సలహా పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. రింగ్‌స్పాట్ వైరస్ పొగాకు మొజాయిక్ వైరస్‌కు దగ్గరి చుట్టం. ఒకప్పుడు దానిలోనే ఒక రకమని అనుకునేవారు. భయం అక్కడి నుంచి పుట్టింది. చేతులు కడుక్కోవడం ఎవరికైనా మంచిదే కానీ, మీ మేడమీది వైరస్ చుట్టలోంచి రాలేదు. ఏదో ఒక రోజు డబ్బిచ్చి కొన్న మొక్కతోనే వచ్చింది.

ఇక ఆకుల్ని చూసి వైరస్ పట్టేస్తామనే వాళ్లున్నారు. నేనూ అలాగే అనుకునేవాడిని. ఒకసారి ఏప్రిల్ ఎండ సోకి నల్లటి గుంటలు పడ్డ వాండాను వైరస్ అని తీర్మానించి పారేశాను. అదే సమయంలో దాని పక్కన నిగనిగలాడే ఆకులతో ఏడాదికి రెండుసార్లు పూస్తున్న ఫలినాప్సిస్‌ను అందరికీ చూపించి మురిసిపోయేవాడిని. తీరా చూస్తే వైరస్ ఉన్నది దానిలోనే. ఫలినాప్సిస్, డెండ్రోబియం హైబ్రిడ్లు చాలాసార్లు ఏ లక్షణమూ చూపించకుండా వైరస్‌ను ఏళ్ల తరబడి మోస్తాయి. శిలీంధ్రం మచ్చ, బాక్టీరియా మచ్చ, ఎండదెబ్బ, నల్లి కొరికిన గీత, ఇవన్నీ కంటికి వైరస్‌లాగే ఉంటాయి. 'పూస్తున్నాయి కదా' అన్నాయన మాట చెల్లనిది ఇక్కడే. పూయడం ఆరోగ్యానికి రుజువు కాదు. చక్కగా పూసే మొక్క దగ్గరే మనం కత్తెర తుడవడం మానేస్తాం.

పట్టీ పరీక్ష మీరు సరిగానే చేశారు. కోవిడ్ రోజుల్లో ఇంట్లో చేసుకున్నదాని పద్ధతే: ఆకు ముక్కను ద్రావణంలో నలిపి, పట్టీని ముంచి, గీతలు చూడటం. గీత వస్తే దాదాపు నమ్మవచ్చు. గీత రాకపోతే మాత్రం 'లేదు' అని అప్పుడే రాసుకోకండి. వైరస్ మొక్క అంతటా ఒకే మోతాదులో ఉండదు. కొత్తగా సోకితే పట్టీకి దొరికేంత పెరగడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. కాబట్టి గీత రాని మీ ఆరు మొక్కలను అయిదారు నెలల తరువాత ఇంకో ఆకు నుంచి మళ్లీ చూడండి. అంతవరకు అవి అనుమానితులే. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ప్రయోగశాలల్లో చేసే ఎలైసా, పీసీఆర్ ఉన్నాయి. ఇంట్లో పెంచుకునే డెండ్రోబియం కోసం అంత దూరం వెళ్లడం దండగ.

ఇప్పుడు ఒక్కో మొక్క లెక్క. నన్ను నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. ఇది పోతే మళ్లీ దొరుకుతుందా? ఇది ఉంటే నా చేతులు జీవితాంతం జాగ్రత్తగా ఉండగలవా?

మీ డెండ్రోబియంలు థాయిలాండ్ నుంచి వచ్చే మామూలు హైబ్రిడ్లు. తెలుపు, ఊదా, రెండు రంగులు కలిసినది. కడియం వైపు వెళితే అవే రంగులు మళ్లీ తెచ్చుకోవచ్చు. ఒక పరీక్ష పట్టీ ఖరీదులో కొత్త మొక్కే వచ్చే సందర్భాలున్నాయి. అలాంటిదాని కోసం ఇంటినిండా కాపలా కాయడంలో అర్థం లేదు. ఆన్సిడియంలో రెండు వైరస్‌ల గీతలూ వచ్చాయన్నారు. రెండూ చేరిన మొక్క సాధారణంగా ఇంకా నీరసిస్తుంది. పైగా రింగ్‌స్పాట్ మొండిది. మొజాయిక్ చచ్చేంత వేడికి అది చావదు. ఎండిన ఆకు తుంటల్లో, పాత కుండీ పెచ్చుల్లో కూడా చాలాకాలం బతికి ఉంటుంది. మీ మేడమీద అది దొరికిన మొక్క ఇదొక్కటే అయితే మీ అదృష్టం, దాన్ని ముందు దించండి.

తీసేయడమంటే కుండీ, బొగ్గులు, డొక్కలు, కట్టిన తాడుతో సహా ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముడివేసి చెత్తబండికి ఇవ్వడం. కంపోస్టు గుంటలో వేయవద్దు. తగలబెట్టనక్కరలేదు, పచ్చి మొక్క కాలదు, పొగ తప్ప ఏమీ రాదు. మట్టి కుండీని కడిగి దాచుకుందామన్న ఆశ వదులుకోండి. గుల్లగా ఉండే మట్టిలోకి రసం ఇంకుతుంది. అనంతగిరి, అరకు వెళ్లినప్పుడు 'పాపం, అడవిలో బతుకుతుందిలే' అని చెట్టుకు కట్టి రావడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఒకరు నాతో ఈ మాట పుణ్యకార్యంలా చెప్పారు. ఆ కొండల్లో మన సొంత ఆర్కిడ్లున్నాయి. మామిడి, ఇప్ప కొమ్మలమీద పెరిగే వాండాను మన పల్లెల్లో బదనిక అనే పిలుస్తారు. ఇంట్లో పుట్టిన రోగాన్ని వాటి మధ్య వదలడం ఏ పుణ్యమూ కాదు.

కాట్లియా వేరు. దాని పేరు మీకు తెలియదు, చీటీ లేదు, అత్తగారు ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పేవాళ్లూ లేరు. అదే రంగు కాట్లియా బజారులో దొరకవచ్చు, కానీ అది ఆవిడ పెంచిన మొక్క కాదు. స్నేహితురాలు ఈ లెక్క చూడలేదు. మొజాయిక్ మాత్రమే సోకిన కాట్లియా సరైన వెలుతురు, గాలి, ఎరువు దొరికితే ఏళ్ల తరబడి బతుకుతుంది, పూస్తుంది. పూలు వారం దాటాక చారలు పడతాయి, అంతే. వైరస్ మనుషులకు, పిల్లులకు, కూరగాయల మడికి వస్తుందన్న భయం అక్కరలేదు. కాబట్టి ఉంచుకోండి. అయితే దాని చోటు మార్చండి.

మందు ఉందా అని కూడా అడిగారు. మొక్కమీద చల్లితే వైరస్ పోయే మందు లేదు. వేప నూనె, పసుపు, మజ్జిగ, యాంటీబయాటిక్, ఏదీ పనిచేయదు. సందులో అమ్మే సీసాల సంగతి నన్ను అడగకండి. ఉన్న మార్గం ఒక్కటే, అదీ ప్రయోగశాలలోనే. మొక్క చిగురు మొనలో అప్పుడే పుడుతున్న కణజాలానికి వైరస్ ఒక్కోసారి చేరదు. మిల్లీమీటరులో చిన్న వంతు ముక్కను తీసి గాజు సీసాలో పెంచితే శుభ్రమైన మొక్క రావచ్చు. 1960లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జార్జ్ మొరెల్ సింబిడియంలను వైరస్ నుంచి విడిపించడానికే ఈ పద్ధతి వాడారు. ఆ పనిలో ఒక మొనకు వందల మొక్కలు వస్తాయని తేలింది. ఈరోజు మనం కొనే ఆర్కిడ్లు అంత చవకగా దొరకడానికి కారణం అదే. చిత్రమేమిటంటే, తల్లిమొక్కను పరీక్షించకుండా, కాస్త పెద్ద ముక్కలతో ఆ పనే చేస్తే వైరస్ కూడా వందల మొక్కల్లోకి చక్కగా వెళ్లిపోతుంది. 'టిష్యూకల్చర్ మొక్క, రోగం ఉండదు' అనే అమ్మకందారు మాటకు అందుకే విలువ లేదు. ఏ తల్లి నుంచి తీశారో, ఆ తల్లికి పరీక్ష జరిగిందో లేదో అడగండి.

గింజల దారి ఒకటుంది. ఈ రెండు వైరస్‌లూ సాధారణంగా గింజలోని పిండంలోకి వెళ్లవు. కాయ పండి ఎండాక గింజలను పైన శుద్ధిచేసి ప్రయోగశాలలో మొలకెత్తిస్తే పిల్లలు శుభ్రంగా వచ్చే అవకాశం ఎక్కువ. కానీ గింజ నుంచి పువ్వు దాకా అయిదారేళ్లు, వచ్చేది అత్తగారి మొక్క కాదు, దాని సంతానం. ఓపిక ఉంటే చేయించండి. నేనైతే చేయించలేదు.

ఇక 49. ఈ ఒక్క విషయంలో నేను చాదస్తుడిని, భరించండి. వాటన్నిటికీ పట్టీలు కొనడం ఇప్పుడే వద్దు. ముందు రోగం ఉన్నట్టే అనుకుని పనిచేయడం అలవాటు చేసుకోండి. ఒక మొక్కకు ఒక అలుగు, ఇదొక్కటే సూత్రం. గడ్డం గీసుకునే బ్లేడ్ల పెట్టె ఒకటి తెచ్చి మేడమీద ఉంచండి. కాగితంతో సహా నిలువునా విరిచి సగం బ్లేడు ఒక మొక్కకు, తరువాత దాన్ని మూతకు చీలిక పెట్టిన డబ్బాలో పడేయడమే. పూలగెల, ఎండువేరు, పిలక, అన్నిటికీ ఇది సరిపోతుంది. కాట్లియాల గట్టి మొదలు కోయడానికి బ్లేడు వంగిపోతుంది. అక్కడ కత్తి కావాలి. కత్తిని మంటలో ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చాలి. పొయ్యిమీద రెండు సెకన్లు ఊపితే చాలదు. వంటింటి కత్తి తీసుకుంటే ఏమవుతుందో నాకు అనుభవమే, విడిగా ఒకటి కొనుక్కోండి.

స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడిస్తే చాలదా అంటారు. బాక్టీరియాకు సరే, ఈ వైరస్‌లకు దాన్ని నమ్మలేం. పనిచేసేది ట్రైసోడియం ఫాస్ఫేట్. రసాయనాలు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. లీటరు నీటికి 100 గ్రాములు కలిపి, పనిముట్టుకు అంటిన జిగురంతా ముందు రుద్ది కడిగి, అందులో అయిదు పది నిమిషాలు నాననివ్వండి. జిగురు వదలకుండా ముంచితే ఏ ద్రావణమూ లోపలికి పోదు. చర్మం మండుతుంది, తొడుగులు వేసుకోండి. రెండు కత్తెరలుంటే ఒకటి నానుతుండగా ఇంకోదానితో పని సాగుతుంది. బ్లీచింగ్ ద్రావణం కూడా పనిచేస్తుంది కానీ, మన సముద్రపు గాలికే తుప్పుపట్టే ఇనుమును అది నెలలో తినేస్తుంది.

పరీక్షలు వేసవి చివర్లో పెట్టుకోండి. మనవాళ్లందరూ తొలకరి పడగానే కుండీలు మారుస్తారు. ఏడాది మొత్తంలో వైరస్ ఎక్కువగా పాకేది ఆ రెండు మూడు ఆదివారాల్లోనే. కాబట్టి మే నెలలో, ఆ ఏడాది కుండీ మార్చాల్సినవాటిని మాత్రమే పరీక్షించండి. రెండు మూడు మొక్కల ఆకులు కలిపి ఒకే పట్టీతో చూడవచ్చు. గీత వస్తే విడివిడిగా మళ్లీ చూడాలి. రెండు మూడేళ్లలో 49 పూర్తవుతాయి, జేబుకూ భారం కాదు. ఈలోగా కుండీ మీద కుండీ వేలాడదీసి ఉంటే విడదీయండి. వాండాల వేర్లు పక్కదాని వేర్లలో అల్లుకుపోయి ఉంటే తెంపకండి, ఆ రెండింటినీ ఒకే మొక్కగా లెక్కేసి కలిపే పరీక్షించండి.

పిలకల మాట కూడా చెప్పాలి. శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్లు 'ఒక పిలక ఇవ్వరూ' అంటే కాదనడం కష్టం. హుద్‌హుద్ తరువాతి రెండేళ్లలో నేనూ పదిమందికి పైగా ఇచ్చాను. పరీక్ష ఫలితం వచ్చాక ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పాను. ఇద్దరు మాట్లాడటం మానేశారు. మీ కాట్లియా మీ ఇంట్లో ఉండటం మీ ఇష్టం. దాని ముక్క గేటు దాటకూడదు, అమ్మకానికే కాదు, ప్రేమతో కూడా. మీ తరువాత ఆ మొక్క ఎవరి చేతికి వెళుతుందో వాళ్లకు తెలిసేలా ఒక రేకు ముక్కమీద 'వైరస్ ఉంది, ముక్కలు చేయవద్దు' అని మేకుతో గీసి తీగతో కట్టండి. సిరా మన ఎండకు ఆర్నెల్లు కూడా నిలవదు.

మీ ఇంటి ముందు మామిడిచెట్టు ఉందన్నారు కాబట్టి కాట్లియాకు అదే చోటు. తూర్పు వైపు, మీ భుజమంత ఎత్తున, కింద ఇంకే ఆర్కిడ్ లేకుండా చూసుకోండి. నా దగ్గర మిగిల్చుకున్న ఒక్కటీ అలాగే నూతి పక్కన సపోటా చెట్టును పట్టుకుని ఉంది. ఈ పనికి బ్లేడుతో అవసరమే రాదు. కుండీని సుత్తితో పగలగొట్టి, అంటుకున్న పెంకులతో సహా దుబ్బును అలాగే చెట్టుకు ఆనించి కొబ్బరి తాడుతో ఊగకుండా బిగించండి. తొందరపడి ఈ వారమే కట్టకండి. కొత్త కాండం మొదట్లో ఆకుపచ్చ మొనలతో కొత్త వేర్లు బయటికి తొంగిచూసే రోజులు రానివ్వండి. అవి బెరడును పట్టుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు మేడమీద ఓ మూలగా, విడి పళ్లెంలో పెట్టి, రోజూ అన్నిటికంటే చివర దానికి నీళ్లు పోసి చేతులు కడుక్కుని కిందికి దిగండి.